శకుంతలోపాఖ్యానము – ఉంగరము లేని కథ

వస్తువు, నేత, రసము అను మూడింటినిబట్టి రూపకములు భేదించునని ధనంజయుడు దశరూపకమున నిర్ణయించెను. నేటి పాఠశాలలలో ఇతివృత్తము, పాత్రచిత్రణము, నేపథ్యము అని వేరు శీర్షికలు వినబడుచున్నవి. (సంస్కృతమున నేపథ్యమనగా వేషము, తెరచాటు; కథ వెనుకనున్న దేశకాలములను అర్థము తరువాత వచ్చినది.) పేరులేవైనను ఇవి ఒకదానినొకటి విడిచి నిలువవు. నన్నయ శకుంతలోపాఖ్యానమే ఇందుకు సాక్ష్యము.

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల విద్యార్థులకు నన్నయ దూరపువాడు కాడు. ఏలూరికి చేరువనున్న పెదవేగియే నాటి వేంగి. వేంగీచాళుక్యుడైన రాజరాజనరేంద్రుని కోరికపై 11వ శతాబ్దిలో ఆయన భారతమును తెనిగింపబూనెను. ఐనను ఈ పాఠముపై ప్రశ్న యిచ్చినచో దుర్వాసుని శాపమును, ఉంగరమును వ్రాయు విద్యార్థులు పెక్కుమంది. అవి వ్యాసునియందు లేవు, నన్నయయందు లేవు, కాళిదాసుని నాటకములోనివి.

ఇది కథలో ఒక అంశము తారుమారగుటతో పోవునది కాదు. శాపమున్నచో దుష్యంతుడు మరచినవాడు. లేనిచో ఎరిగియుండియు ఎరుగనన్నవాడు. లోకాపవాదమునకు వెరచి నిండుసభలో ఆలిని, కన్నకొడుకును కాదన్న రాజును శాపము పేరిట విడిచిపుచ్చుట న్యాయమా? శకుంతలయు మారును. నాటకమున ఆమె గర్భవతియై వచ్చి, ఆనవాలు చూపబోయి, వ్రేలికి ఉంగరము లేక దిగ్భ్రాంతయగును. భారతమున కుమారుని వెంటబెట్టుకొని వచ్చి ధర్మము తెలిసి వాదించును. నూతులు, బావులు, యజ్ఞము, పుత్రుడు అని మెట్టుమెట్టుగా సత్యము కడకు రాజును నడిపించును. చుట్టును నీరుండియు త్రాగునీటికి వెదకుకొను కొల్లేటి లంకల పిల్లవానికి ఆ మొదటి మెట్టు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఆమె చేత ఆనవాలు లేదు, ఉన్నది మాట యొక్కటే. ఉంగరమును తెచ్చిపెట్టినచో ఆ వాదమునకు పనియే లేదు.

ఉంగరము మనసున నాటుటకు కారణము లేకపోలేదు. నాటకమున జాలరికి అది రోహితమత్స్యము కడుపున దొరకును. కైకలూరు, ఆకివీడు చెరువులలో పెంచు శీలావతి యిదియే. (కథనుబట్టి ఆ పేరు వచ్చెనని నేననను, వినుటకు మాత్రము ఇంపుగానున్నది.) ఎరిగిన చేప గనుక పిల్లలు మరువరు. 15వ శతాబ్దిలో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగారశాకుంతలమున రెండు కథలను కలిపెను. కాని ఆయన ఎరిగి కలిపెను.

కావున ఉపాధ్యాయులు ఈ పాఠమున సారాంశము వ్రాయుమనుట మాని, ఇట్లడిగి చూడవచ్చును: దుష్యంతుడు మరచెనా, దాచెనా? సభలో శకుంతల పలికిన పలుకులనుండియే నిరూపింపుము.