బాక్సు కాలినా బొమ్మ ఉండొచ్చు: చేయవలసినవి, చేయకూడనివి

నర్సింహులపేట చుట్టుపక్కల పల్లెల్లో టీవీ రికార్డర్లు ముసలితనంతో పోవడం తక్కువ. కరెంటుతోనో పిడుగుతోనో పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగిందంటే ఇంట్లోకి 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. ఒక ఇంట్లో బల్బు దీపంలా సన్నగిల్లుతుంటే పక్కింట్లో భగ్గున వెలిగి మాడిపోతుంది. ఆ దెబ్బకు ముందు పోయేవాటిలో టీవీ, దాని పక్కనున్న సెట్‌టాప్ బాక్సు ఉంటాయి.

అయితే అందులో చాలాసార్లు కాలేది పవర్ సప్లై ఒక్కటే. రికార్డింగులున్న హార్డ్ డిస్కు లోపల బాగానే ఉండొచ్చు. బతుకమ్మ ఆటలో మన పాప కనిపించిన కార్యక్రమమైనా, మేడారం జాతర లైవైనా పోయేది ఎక్కువగా ఆ తర్వాతే, మనం చేసే తొందరపాటు పనుల వల్ల.

మొదట కరెంటు

పొగ వాసన వస్తే, బల్బులు ఎక్కువతక్కువగా వెలుగుతుంటే ముందు మెయిన్ ఆఫ్ చేయండి. పక్కిళ్లవాళ్లకూ చెప్పండి. 1912కు ఫోన్ చేయండి, లేదా లైన్‌మన్‌కు కబురు పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మీరే వెళ్లి ఫ్యూజు వేయకండి, తీగ ముట్టుకోకండి. పొలం మోటర్ల దగ్గర అలవాటైన ధైర్యం ఇక్కడ పనికిరాదు, అసలు అక్కడా పనికిరాదు.

బాక్సు ప్లగ్ పీకిన తర్వాతే డిష్ కేబుల్ విప్పండి. ఈ వరస ముఖ్యం. డిష్ మీదున్న ఎల్‌ఎన్‌బీకి ఆ కేబుల్ గుండానే బాక్సు 13 లేదా 18 వోల్టులు పంపుతుంటుంది. బాక్సు నడుస్తుండగా విప్పితే కేబుల్ నడిమి తీగ పైనున్న జాలీకి తగిలి, బాగున్న ట్యూనర్ కూడా దెబ్బతినవచ్చు. ఆకాశం నల్లబడుతున్నప్పుడే ప్లగ్గూ కేబులూ రెండూ తీసి పక్కన పెట్టండి. ఉరుములు నెత్తిమీదికొచ్చాక మాత్రం వాటి జోలికి పోకండి. అప్పుడు బాక్సు పోయినా ఫరవాలేదు.

‘ఇంకోసారి వేసి చూద్దాం’ అని స్విచ్ టకటకా వేయకండి. షార్టయిన పవర్ సప్లైకి మళ్లీ కరెంటిస్తే ఆ దెబ్బ డిస్కు దాకా వెళ్లొచ్చు.

కరెంటు వైరు నేరుగా లోపలికి పోయే బాక్సయితే మూత మీరు తీయొద్దు. లోపల లావుపాటి కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీ నిలవ ఉంటుంది. ప్లగ్ పీకిన తర్వాత కూడా కొంతసేపు అది షాక్ కొట్టగలదు. మెకానిక్ మూత తీసినప్పుడు పక్కన నిలబడి చూస్తే చాలు: తల ఉబ్బిన కెపాసిటర్, నల్లబడిన ఫ్యూజు, అప్పుడప్పుడు బోర్డు మీద అడ్డంగా ఎండిపోయిన బల్లి. బల్లి దొరికితే సంతోషించండి, రిపేరు చిన్నదే కావచ్చు.

అడాప్టర్‌తో నడిచే బాక్సయితే మొదట అనుమానించాల్సింది అడాప్టర్‌నే. కొత్తది కొనేటప్పుడు వోల్టులు అచ్చం పాతదానివే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, పిన్ను ప్లస్ మైనస్ గుర్తు కలవాలి. ఇంట్లో పడున్న రూటర్ అడాప్టర్ గుచ్చకండి. డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. చాలకపోతే టిక్ టిక్ మంటూ ఆగిపోతుంది. దాన్ని చూసి డిస్కు చచ్చిందనుకుని పారేసేవాళ్లున్నారు.

ఏ బాక్సు రాసిందో ఆ బాక్సే చదవాలి

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. నెలనెలా డబ్బు కట్టే డీటీహెచ్ రికార్డర్లలో రికార్డింగు తాళం వేసినట్టు సంకేతభాషలో ఉంటుంది. ఆ తాళంచెవి బాక్సుకూ కార్డుకూ ముడిపడి ఉంటుంది. డిస్కు పీకి కంప్యూటర్‌కు తగిలిస్తే చెత్త అక్షరాలు తప్ప బొమ్మ రాదు. అదే మోడల్ ఇంకో బాక్సుకు తగిలించినా అది డిస్కును ఫార్మాట్ చేయమనే అడుగుతుంది.

కాబట్టి ఈ రకం బాక్సును ముందు రిపేరు చేయించండి, ఆ తర్వాత మార్చండి. టెక్నీషియన్ వచ్చి ‘పాతది ఇచ్చేయండి, కొత్తది పెడతా’ అంటే ఆ మాట హాయిగానే ఉంటుంది. కానీ పాతదానితోపాటు డిస్కూ పోతుంది. బాక్సు కంపెనీదా, మీ సొంతమా, వారంటీ ఉందా అన్నది బిల్లులో చూసుకోండి. మూత తీస్తే వారంటీ పోతుంది. కంపెనీదే అయితే పవర్ బోర్డు మార్చి అదే బాక్సు తిరిగివ్వగలరా అని ముందే అడగండి, జవాబు మెసేజ్‌లో తీసుకోండి. కార్డు కూడా తొందరపడి మార్పించకండి.

బాక్సు మళ్లీ లేచిందా, ఆ రోజే కావాల్సినవి చూసి దాచుకోండి. పాప కనిపించిన రెండు నిమిషాల కోసమైతే గది చీకటి చేసి ఫోన్‌ను కదలకుండా నిలబెట్టి తెర మీద నుంచి తీసుకుంటే సరిపోతుంది. తాళం పగలగొట్టి సినిమాలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తామనేవాళ్ల జోలికి వెళ్లకండి. 2012 సవరణలో కాపీరైట్ చట్టానికి చేరిన 65ఎ సెక్షన్ ఇలాంటి పనుల కోసమే ఉంది.

డీడీ ఫ్రీ డిష్‌కు వాడే ఉచిత బాక్సుల కథ వేరు. చాలావాటిలో రికార్డింగు పెన్‌డ్రైవ్ మీద తాళం లేకుండానే పడుతుంది. బాక్సు కాలినా పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌లో వీఎల్‌సీతో ఆడించండి. డిజిటల్ టీవీ బొమ్మ 188 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది గనుక, కరెంటు పోయి మధ్యలో తెగిన ఫైలు కూడా తెగినంతవరకు ఆడే వీలుంది. ఒకే కార్యక్రమం మూడు నాలుగు ఫైళ్లుగా కనిపిస్తే పాడైందనుకోకండి. చాలా పెన్‌డ్రైవ్‌ల ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి బాక్సే ముక్కలు చేస్తుంది.

ఫార్మాట్ చేయాలా అని అడిగితే

వద్దనండి. పెన్‌డ్రైవ్‌నో డిస్కునో కొత్త బాక్సుకు పెట్టినా, విండోస్ కంప్యూటర్‌కు పెట్టినా ఈ ప్రశ్న రావచ్చు. చదవకుండా ఓకే నొక్కడమే అసలు ప్రమాదం. పొరపాటున నొక్కి ఉంటే దాని మీద ఇంకేమీ రాయకుండా వెంటనే తీసేయండి. పాత బొమ్మల మీద కొత్తవి పడితే ఎవరూ ఏమీ చేయలేరు. తెలిసినవాళ్లు డీడీరెస్క్యూ లాంటి సాఫ్ట్‌వేర్‌తో మొదట మొత్తానికీ ఒక నకలు తీసి, వెతుకులాటంతా ఆ నకలు మీదే చేస్తారు. అసలుదాని మీదే నేరుగా మొదలుపెట్టే షాపుకు దండం పెట్టి వచ్చేయండి.

సరైన అడాప్టర్ పెట్టాక కూడా డిస్కు కరకరమంటే, కొట్టుకుంటే వెంటనే ఆపండి. తట్టకండి, ఫ్రిజ్‌లో పెట్టకండి. డిస్కు మూత విప్పితే ఇంటి దుమ్ము చాలు దాన్ని చంపడానికి. హనుమకొండకో హైదరాబాద్‌కో తీసుకెళ్లాల్సి వస్తే గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకోండి, బండి డిక్కీలో గుంతల రోడ్డు మీద తేవద్దు. డేటా దొరక్కపోతే ఎంత తీసుకుంటారో ముందే తేల్చుకోండి.

ఇంత ఖర్చుకు ముందు ఆ కార్యక్రమం వేరే చోట ఉందేమో చూడండి. టీ-శాట్ పాఠాలు, డీడీ యాదగిరి కార్యక్రమాలు చాలావరకు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఊరి జాతర, పెళ్లి లోకల్ కేబుల్‌లో వచ్చినవైతే ఆపరేటర్ దగ్గరో వీడియో తీసినాయన దగ్గరో అసలు కాపీ ఉండొచ్చు.

కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతక్కండి, బిల్లు మీదో కంపెనీ యాప్‌లోనో ఉన్నదే వాడండి. రికార్డింగు తెప్పిస్తామంటూ ఫోన్‌లో ఏదో యాప్ వేయించుకోమన్నవాడు దొంగే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

కొత్తది కొనేటప్పుడు

స్టెబిలైజర్, సరిగ్గా పనిచేసే ఎర్తింగ్ లేకుండా కొత్త రికార్డర్ పెట్టకండి. పాతదాన్ని పాత సామాన్లవాడికి వేయకండి, రాగి కోసం కాల్చకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అది రిజిస్టరైన రీసైక్లర్‌కు చేరాలి. కొత్తది అమ్మే దుకాణంలో తీసుకుంటారేమో అడగండి. ఇచ్చేముందు సొంత డిస్కయితే తీసి ఉంచుకోండి.

యూఎస్‌బీ రంధ్రం ఉంది కదా అని రికార్డింగు ఉందనుకోకండి. కొన్నింటిలో అది పాటలు, ఫొటోలు ఆడించడానికే. మీ పెన్‌డ్రైవ్ ఒకటి దుకాణానికి తీసుకెళ్లండి. మీకు కావాల్సిన ఛానల్ పెట్టించి ఐదు నిమిషాలు రికార్డ్ చేయించి, ఆ పెన్‌డ్రైవ్‌ను అక్కడే ఇంకో టీవీకి గుచ్చించండి. అక్కడ బొమ్మ రాకపోతే, రేపు ఈ బాక్సు కాలిననాడు కూడా రాదు. అప్పుడు కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం.