మనిషికి మాట, యంత్రానికి ప్రోగ్రామ్

మనిషితో మాట్లాడటానికీ, కంప్యూటర్‌కి ప్రోగ్రామ్ రాయడానికీ తేడా ఏమిటో తెలుసుకుందాం. హైదరాబాదులో పంజాగుట్ట నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ వెళితే అమీర్‌పేట. అక్కడ మైత్రీవనం చుట్టూ ప్రోగ్రామింగ్ నేర్పే కోచింగ్ సెంటర్లే. సెలవుల్లో అక్కడ మా అన్నయ్య రూములో ఉండి, అతని నోటుపుస్తకం చూసి నేర్చుకున్నది రాస్తున్నాను.

1. మనిషి ఊహిస్తాడు: ఆటో ఎక్కి "నిమ్స్ దగ్గర ఆపన్నా" అంటాం. ఏ గేటో, రోడ్డుకి ఏ పక్కో చెప్పం. డ్రైవరన్న నడిరోడ్డు మీద ఆపడు, పక్కకు తీసి ఆపుతాడు. మనం చెప్పనిది అతనే పూరించుకుంటాడు.

2. ప్రోగ్రామ్ ఊహించదు: సి భాషలో ఒక '=' పెడితే "ఈ విలువ అందులో పెట్టు" అని అర్థం. '==' పెడితే "రెండూ సమానమా?" అని అడగటం. "రోల్ నంబరు 12 అయితే సెలవు ఇవ్వు" అని రాసేచోట ఒకే '=' పడిందనుకోండి. ప్రతివాడి నంబరూ 12 అయిపోతుంది, హాస్టలంతా ఇంటికే! వార్డెన్ సార్ అయితే "ఇదేంట్రా?" అని ఆపుతారు. యంత్రం ఆపదు.

3. రెండంకెల చిక్కు: పాత ప్రోగ్రాముల్లో చోటు కలిసి వస్తుందని సంవత్సరాన్ని రెండంకెల్లో రాశారు. '00' అంటే 2000 అని మనకు తెలుసు. యంత్రం 1900 అనుకునే ప్రమాదం వచ్చింది. వడ్డీలు, వయసులు తప్పుతాయని 1990ల చివర్లో ప్రపంచమంతా ఆ ప్రోగ్రాములు దిద్దించారు. ఆ పనికోసం అమీర్‌పేటలో ఎంతోమంది కోబాల్ నేర్చుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. "మనకు ఇంగ్లీషు రాదు, ఇది మనవల్ల కాదు" అని మనలో చాలామంది అంటారు. ఇంట్లో కోయ, గోండి, లంబాడీ మాట్లాడి, బడికొచ్చి తెలుగు నేర్చినవాళ్లం మనం. 1989 నాటి ప్రామాణిక సి భాషలో ప్రత్యేక పదాలు 32 మాత్రమే! పుస్తకాలకీ, ఇంటర్వ్యూలకీ ఇంగ్లీషు కావాలి, నేర్చుకుందాం. కానీ ప్రోగ్రాముకు ముందు కావలసింది వరస తప్పని ఆలోచన. అది ఏ భాషలోనైనా అలవడుతుంది. ఈ రోజుల్లో మామూలు మాటల్లో అడిగితే ప్రోగ్రామ్ రాసిచ్చే సాధనాలు వచ్చాయి. వాటి తప్పు పట్టాలన్నా ఈ ఆలోచనే కావాలి.

అభ్యాసం: మెస్‌లో పళ్లెం కడగటం ఏమీ తెలియనివాడికి ఎలా చెబుతారో, ఒక్కో మెట్టుగా మీ భాషలోనే రాయండి. కుళాయిలో నీళ్లు రాకపోతే ఏం చేయాలో మరిచిపోవద్దు సుమా!