పాత యంత్రం - కొత్త ఆట

ఉద్దేశం

పాత కంప్యూటరును కొత్త వీడియో ఆటలకు తగినట్లు మెరుగుపరచే పద్ధతిని తెలియజేయడం, లోపమెక్కడున్నదో గుర్తించిన పిదపనే ధనం వెచ్చించాలనే వివేకాన్ని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కృష్ణానదిపై నందికొండ వద్ద వెలసిన నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఆరంభంలో 408 టి.ఎం.సి.లుగా ఉన్న జలాశయ సామర్థ్యం పూడిక చేరడం వల్ల కాలక్రమాన 312 టి.ఎం.సి.లకు తగ్గింది. కాలువలు పాతబడి చివరి భూములకు నీరందడం కష్టమైంది. అందుకు పరిష్కారంగా మరొక ఆనకట్ట కట్టలేదు. 2010లో ప్రపంచ బ్యాంకు ఋణసాయంతో కాలువల ఆధునికీకరణ చేపట్టారు. నీరు ఎక్కడ ఆగుతున్నదో చూచి, అక్కడ బాగుచేయడమే అటువంటి పనికి మూలసూత్రం. పాత కంప్యూటరును కొత్త ఆటకు సిద్ధపరచడంలోను ఈ సూత్రమే వర్తిస్తుంది.

నందికొండ హిల్ కాలనీలోని ఒక ఇంట పదేళ్ళనాటి కంప్యూటరు ఉన్నదనుకొనవచ్చు. ఆ ఇంటి విద్యార్థి కొత్త ఆట నొకదానిని అందులో చేర్చాడు. తెరపై బొమ్మ కదలదు. కదిలినా ఆగి ఆగి కదులుతుంది. కొత్త యంత్రం కొనే స్తోమత తండ్రికి లేదు. ఉన్న కొద్దిపాటి సొమ్మును ఏ భాగంపై వెచ్చించాలన్నదే ఆ ఇంటి సమస్య. పొరపాటున అవసరం లేని భాగం కొంటే సొమ్మూ పోతుంది, ఆటా నడవదు.

ఆటల అవసరాలు ఎంత పెరిగాయో ఒక పోలిక వల్ల తెలుస్తుంది. 1993లో వెలువడిన 'డూమ్' అనే ఆటకు 4 మెగాబైట్ల ర్యామ్ సరిపోయేది. 2020లో వెలువడిన 'సైబర్‌పంక్ 2077'కు, 2023లో సవరించిన వివరాల ప్రకారం, కనీసం 12 గిగాబైట్ల ర్యామ్ కావాలి. అనగా ముప్పై ఏళ్ళలో అవసరం సుమారు మూడువేల రెట్లు పెరిగిందన్నమాట.

ఆట నడిచేటప్పుడు యంత్రంలో నాలుగు భాగాలు కలిసి పనిచేస్తాయి. ఆటలోని పాత్రల కదలికలను, నియమాలను ప్రాసెసర్ లెక్కకడుతుంది. ఆ లెక్కలను బట్టి గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు గీస్తుంది. అప్పటికప్పుడు కావలసిన సమాచారాన్ని ర్యామ్ పట్టి ఉంచుతుంది. ఆట మొత్తాన్ని హార్డ్ డిస్కు భద్రపరుస్తుంది. సెకనుకు 60 చిత్రాలు తెరపై కనిపించాలంటే ఒక్కొక్క చిత్రం సుమారు 17 మిల్లీసెకన్లలో తయారు కావాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి వెనుకబడినా మిగిలిన మూడు దానికోసం వేచి ఉండవలసిందే. కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా తూము ఇరుకైతే చేనుకు చేరే నీరు కొంతే గదా!

కాబట్టి మొదట ఆ ఇరుకును కనుగొనాలి. ఇందుకు ఖర్చు లేని ఉపాయ మొకటి ఉన్నది. ఆటలోని అమరికలలో రిజల్యూషన్ అనబడే చిత్రస్పష్టతను తగ్గించి చూడాలి. వేగం బాగా పెరిగితే లోపం గ్రాఫిక్స్ కార్డులో ఉన్నట్లు. వేగంలో మార్పు లేకుంటే ప్రాసెసర్ వెనుకబడినట్లు భావించవచ్చు. విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌ను తెరిచి చూస్తే ర్యామ్ ఎంతవరకు నిండినదీ తెలుస్తుంది.

చికిత్స కూడా తక్కువ ఖర్చుతోనే ఆరంభించాలి. నల్లగొండ ప్రాంతపు వేసవి తీవ్రమైనది. ఫ్యాన్లలో దుమ్ము పేరుకొంటే ప్రాసెసర్ వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనడానికి వేగం తగ్గించుకొంటుంది. విద్యుత్తు ఆపి దుమ్ము తుడిచి, ప్రాసెసర్‌పై ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చడం జలాశయంలో పూడిక తీయడం వంటిది.

తరువాత ర్యామ్ పెంచడం, హార్డ్ డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. అమర్చడం మేలు. హార్డ్ డిస్కు సెకనుకు 100 నుండి 200 మెగాబైట్ల వరకు చదువగలిగితే, సాధారణ సాటా ఎస్.ఎస్.డి. 500 మెగాబైట్లకు పైగా చదువగలదు. ఇందువల్ల ఆట త్వరగా తెరుచుకొంటుంది. అయితే చిత్రాల సంఖ్య మాత్రం పెద్దగా పెరగదు. అందుకు గ్రాఫిక్స్ కార్డే ఆధారం.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, డి.డి.ఆర్.3 ర్యామ్ ఉండే స్థానంలో డి.డి.ఆర్.4 ర్యామ్ పట్టదు; వాటి గాట్లు వేరు. రెండవది, మదర్‌బోర్డులోని స్థానం నుండి గ్రాఫిక్స్ కార్డుకు 75 వాట్ల విద్యుత్తు మాత్రమే అందుతుంది. అంతకుమించి కోరే కార్డుకు పవర్ సప్లై నుండి వేరే తీగలు కావాలి. పవర్ సప్లై నాసిరకమైతే కొత్త కార్డు కూడా చెడిపోయే ప్రమాదం గలదు. మూడవది, ప్రాసెసర్ మార్చదలచినప్పుడు పాత మదర్‌బోర్డు దానిని స్వీకరిస్తుందో లేదో ముందే చూడాలి. లేనిచో మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి కొనవలసి వస్తుంది.

ప్రయత్నానికి ఒక హద్దు కూడా ఉన్నది. 2024 డిసెంబరులో వెలువడిన 'ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్' అనే ఆట, కాంతికిరణాల గమనాన్ని లెక్కించే ప్రత్యేక సామర్థ్యం గల గ్రాఫిక్స్ కార్డు లేనిదే నడవదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ సహాయం ముగిసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను పెక్కింటిని అంగీకరించదు. మరమ్మతు ఖర్చు కొత్త యంత్రపు వెలను సమీపించినప్పుడు ఆగడమే తెలివి. ల్యాప్‌టాప్‌లలో ఆ హద్దు ఇంకా ముందే ఎదురవుతుంది. పెక్కింటిలో ప్రాసెసరు, గ్రాఫిక్స్ భాగం బోర్డుకే అతికి ఉంటాయి.

పాతదాన్ని మెరుగుపరచుకొంటూ ముందుకు సాగడం తెలుగునేలకు కొత్త కాదు. సాగర్ నీరు కాలువలకు పారిన 1967లోనే హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును నిర్మించింది. తరువాతి దశాబ్దంలో అదే వరుసలో టి.డి.సి.-312, టి.డి.సి.-316 వెలువడ్డాయి.

తొలగించిన భాగాలను చెత్తకుప్పలో పారవేయరాదు. వాటిలో సీసం వంటి హానికర పదార్థాలుంటాయి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని నమోదైన పునశ్శుద్ధి సంస్థలకు చేర్చాలి. పనికివచ్చే భాగాన్ని మరొక విద్యార్థికి ఇవ్వడం ఇంకా మంచిది.

హిల్ కాలనీ విద్యార్థి దుమ్ము తుడిచి, అమరికలు మార్చి, టాస్క్ మేనేజర్ చూచి, ర్యామ్ ఒక్కటే చాలదని గ్రహించాడనుకొంటే తండ్రి సొమ్ములో అధికభాగం నిలిచినట్లే. ఆట నేడు కాకున్నా రేపు నడుస్తుంది. యంత్రాన్ని పరీక్షించి, లోపాన్ని నిర్ణయించే నేర్పు మాత్రం ఆ ఆట పాతబడిన తరువాత కూడా అతనికి ఉపకరిస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

శంకుస్థాపన : పునాది వేయడం
పూడిక : నీటి అడుగున పేరుకొన్న ఒండ్రుమట్టి
తూము : నీరు పారడానికి ఏర్పరచిన మార్గం
స్తోమత : ఆర్థికశక్తి
పునశ్శుద్ధి : వాడినదానిని తిరిగి పనికివచ్చేటట్లు చేయడం

ప్రశ్నలు

1. పాత కంప్యూటరును మెరుగుపరచే పనిని సాగర్ కాలువల ఆధునికీకరణతో ఎట్లు పోల్చారో వివరించండి.
2. లోపం గ్రాఫిక్స్ కార్డులో ఉన్నదో, ప్రాసెసర్‌లో ఉన్నదో తెలిసికొనే ఉపాయమేమి?
3. కొత్త భాగాలు కొనే ముందు పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.
4. ఏ సందర్భంలో మరమ్మతు మాని ఆగడం తెలివి?