నేల నీరైన వేళ

భూమికి మన పూర్వులు పెట్టిన పేర్లలో ‘అచల’, ‘స్థిర’ అనేవి ప్రసిద్ధమైనవి. అమరకోశం ఈ రెండింటినీ భూపర్యాయపదాలుగా పేర్కొన్నది. కదలనిది, నిలకడ గలది అని వాటి అర్థం. అయితే భూకంప సమయంలో ఈ అచల చలించడమే కాక, కొన్నిచోట్ల కొద్దిసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీనినే ‘మృత్తికా ద్రవీకరణం’ అంటారు.

1964 జూన్ 16న జపాన్‌లోని నీగాటా నగరంలో వచ్చిన భూకంపం ఈ ప్రమాదాన్ని లోకానికి ఎరుకపరచింది. షినానో నదీతీరాన ఇసుక నేలపై కట్టిన నివాసభవనాలు గోడలు పెద్దగా చెదరకుండానే పక్కకు ఒరిగాయి. వాటిలో ఒకటి దాదాపు నేలమీద పడుకున్నది. లోపం గోడలలో లేదు, వాటిని మోసే నేలలో ఉన్నది. మనదేశంలో 1934 జనవరి 15నాటి బీహారు భూకంపంలో విశాలమైన ప్రాంతంలో ఇళ్ళు కుంగిపోయాయి. నేల చీలి ఇసుక, నీరు ఉబికివచ్చి పొలాలను కప్పివేశాయి. 2001 జనవరి 26న కచ్‌లో భూమి కంపించినప్పుడు కాండ్లా ఓడరేవులోని ఒక ఎత్తైన భవనం ఒరిగింది.

దీనికి కారణం రైతుబిడ్డలకు సులభంగా బోధపడుతుంది. కుంచంలో ధాన్యం పోసి కుదిపితే గింజలు సర్దుకొని మట్టం తగ్గుతుంది. వదులైన ఇసుక కూడా అంతే. కాని ఇసుకరేణువుల నడుమ నీరు నిండి ఉంటే, కుదుపు సాగే ఆ కొద్ది క్షణాలలో ఆ నీటికి బయటపడే వ్యవధి ఉండదు. రేణువులు మోయవలసిన బరువు నీటిమీద పడుతుంది. నీటి పీడనం పెరిగి రేణువుల పట్టు సడలుతుంది. అప్పుడు పైనున్న కట్టడం కుంగుతుంది. అంతా సమానంగా కుంగితే కొంత మేలు. ఒక మూల ఎక్కువ, మరొక మూల తక్కువ కుంగినప్పుడే గోడలు చీలుతాయి.

శారదానది ఒడ్డున ఉన్న అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లాకేంద్రమైనది. సమీపంలోని శంకరం గ్రామం వద్ద బొజ్జన్నకొండపై బౌద్ధులు రాతిని తొలిచి చేసిన నిర్మాణాలకు ద్రవీకరణ భయం లేదు. రాయి నీరు కాదు. నదులు తెచ్చి పోసిన ఒండ్రుమీద, సముద్రతీరపు ఇసుకమీద కట్టే భవనాల సంగతి వేరు. 2002నాటి భూకంప పటం విశాఖపట్టణ ప్రాంతాన్ని తక్కువ ప్రమాదం గల రెండవ మండలంలో చేర్చింది. తక్కువ అంటే లేదని అర్థం కాదు. 1993 సెప్టెంబరు 30న వేలాదిమందిని బలిగొన్న కిల్లారి అప్పటి పటంలో అతితక్కువ ప్రమాదం గల మొదటి మండలంలోనే ఉండేది. 2002లో ఆ మొదటి మండలాన్నే తొలగించారు.

నేలను ముందుగానే గట్టిపరచడం దీనికి విరుగుడు. మన పెద్దలు ఇంటి అరుగుకు దిమ్మిస కొట్టేవారు. ఇంజనీర్లు టన్నులకొద్దీ బరువును క్రేనుతో ఎత్తి నేలపై పదేపదే పడవేస్తారు. ఇది పెద్ద దిమ్మిసే. కంపించే పొడవైన పరికరాన్ని ఇసుకలోకి దింపి రేణువులను దగ్గరకు చేర్చడం మరొక పద్ధతి. బంకమన్ను ఇలా కుదిపితే గట్టిపడదు. అటువంటి మెత్తని నేలలో కంకరతో రాతిస్తంభాలు నింపుతారు. అవి బరువును పంచుకొంటాయి; నీరు త్వరగా బయటపడడానికి దారి ఇస్తాయి. ఇసుకనేలలో ఐతే చుట్టుపక్కల మట్టిని కూడా బిగిస్తాయి. పక్కనే పాత ఇళ్ళున్నచోట బరువులు పడవేయడం తగదు. అక్కడ సిమెంటును మట్టిలో కలిపి గట్టిపరచడం మేలు. నీగాటాలోనే, ముందుగా కంపనంతో బిగించిన ఇసుకపై నిలిచిన చమురు ట్యాంకులకు స్వల్పనష్టమే కలిగింది. 1995లో కోబె భూకంపంలోనూ సముద్రాన్ని పూడ్చి చేసిన దీవులలో గట్టిపరచిన నేల, గట్టిపరచని నేలకంటె చాలా తక్కువగా కుంగింది.

ఏ పద్ధతి తగినదో నేలే చెప్పాలి. 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదలుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్కిస్తారు. దెబ్బలు తక్కువైతే నేల వదులు. ముఖద్వారపు నగిషీలకు వెచ్చించే సొమ్ములో కొంతైనా ఈ పరీక్షకు కేటాయించే గృహస్థులు అరుదు. నేలను గట్టిపరచిన పిదప అదే చోట మళ్ళీ దెబ్బలు లెక్కించాలి. ఆ లెక్క తగినంత పెరిగితేనే పునాది తవ్వకం మొదలుపెట్టాలి.