లావు అక్షరాలు, వాలు అక్షరాలు

గోడ మీది సినిమా పోస్టరు చూడండి. బస్సు మీది ప్రకటన చూడండి. కొన్ని అక్షరాలు లావుగా ఉంటాయి. కొన్ని ఒక పక్కకు వాలి ఉంటాయి. వాచకంలో నేర్చుకున్న అక్షరాల్లా కనిపించవు. ఇవేవో కొత్త అక్షరాలు అనుకొని కొంతమంది చదవడం మానేస్తారు.

ఇవి కొత్తవి కావు. పంచె కట్టినా, ప్యాంటు వేసినా మనిషి ఒక్కడే కదా! అక్షరమూ అంతే. 'అ' లావైనా 'అ'నే. వాలినా 'అ'నే.

అచ్చు అక్షరాల ఒక్కో రూపాన్ని ఫాంటు అంటారు. ఇంగ్లీషు అక్షరాల ఫాంటు ఒకటుంది. దాని పేరు ఫ్యూచురా. జర్మనీలో పాల్ రెన్నర్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. 1927లో అది బయటకు వచ్చింది. పుస్తకాల్లోని ఇంగ్లీషు అక్షరాలకు చాలావాటికి చివర్లలో చిన్న తోకలుంటాయి. ఫ్యూచురాకు ఆ తోకలు లేవు. గుండ్రం, త్రికోణం, తిన్నని గీత - ఇవే దాని ఆకారాలు. 1969లో మనుషులు చంద్రుడి మీద వదిలి వచ్చిన రేకు మీద ఉన్నవి ఈ అక్షరాలే.

ఫ్యూచురాలో లావుగా, కుడివైపుకు వాలి ఉండే రకం కూడా ఉంది. లావు అక్షరం దూరం నుంచే కనిపిస్తుంది. వాలిన అక్షరం పరుగెత్తుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే ప్రకటనల్లో ఇలాంటి అక్షరాలు వాడతారు. పుస్తకమంతా ఇలాగే ఉంటే మాత్రం కళ్లు అలిసిపోతాయి.

అమెరికాలో బార్బరా క్రూగర్ అనే చిత్రకారిణి ఉంది. ఆమె మొదట పత్రికల్లో బొమ్మలు, అక్షరాలు కూర్చే పని చేసింది. ప్రకటనలు జనాన్ని ఎలా లాగుతాయో ఆమెకు బాగా తెలుసు. ఆ అక్షరాలతోనే ఆమె జనాన్ని ఆలోచింపజేసింది. ఎర్రని పట్టీల మీద తెల్లని, లావైన, వాలిన ఫ్యూచురా అక్షరాలు పెట్టింది. 1989లో వాషింగ్టన్‌లో ఆడవాళ్ల హక్కుల కోసం ఊరేగింపు జరిగింది. దానికి ఆమె పోస్టరు చేసింది.

లావు అక్షరం గట్టిగా అరిచే గొంతులాంటిది. అరిచిన మాటల్లా నిజం కాదు. అంగట్లో పొట్లం తీసుకోండి. సరుకు పేరు లావుగా ఉంటుంది. ధర, తూకం, గడువు తేదీ చిన్నగా ఉంటాయి. అమ్మేవాళ్లు చూపించాలనుకున్నది లావు అక్షరాల్లో ఉంటుంది. మనకు కావలసింది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పురుగుమందు డబ్బా మీద పేకలో డైమన్ లాంటి గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎర్రగా ఉంటే అన్నిటికంటే ఎక్కువ విషం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా విషమే. విరుగుడు ఏమిటో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మందు కలపకముందే చదవాలి.

చేసి చూడండి

1. మీ పేరును మామూలుగా, లావుగా, వాల్చి - మూడు రకాలుగా రాయండి.
2. ఇంట్లో ఉన్న మందు బిళ్లల అట్ట తీయండి. గడువు తేదీ వెతకండి. ఆ తేదీ దాటిందా?
3. ఒక పొట్లం మీద లావు అక్షరాల్లో ఏముంది? చిన్న అక్షరాల్లో ఏముంది? పక్కవాళ్లకు చదివి చెప్పండి.