స్లాట్ బుకింగ్ మన వృత్తి కాదు

డాక్యుమెంట్ రైటర్లకు ఒకప్పుడు పేరు తెచ్చింది దస్తూరి. కాగితం చూడగానే ఇది ఫలానా లేఖరి రాసిందని ఆఫీసులో చెప్పేవారు. 1998లో ‘కార్డ్’ పేరుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లోకి ఎక్కడం మొదలైంది. 2020 నవంబరు నుంచి తెలంగాణలో సాగు భూముల రిజిస్ట్రేషన్లు ధరణి పోర్టల్‌తో తహసీల్దారు ఆఫీసుకు వెళ్లాయి. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. మార్పు వచ్చిన ప్రతిసారీ ‘ఇక మనమెవరం?’ అన్న ప్రశ్న మనవాళ్లందరినీ కలవరపెడుతూనే ఉంది.

చాలామంది ‘ఆన్‌లైన్ సెంటర్’ అని బోర్డు మార్చుకున్నారు. నాకైతే ఇదే బాధ. రిజిస్ట్రేషన్ స్లాట్‌ను ఫోనున్న ఎవరైనా బుక్ చేసుకోగలరు. ఆ పనితోనే మనల్ని మనం గుర్తించుకుంటే, పోర్టల్ కాస్త సులువైన రోజున మనతో ఎవరికీ పని ఉండదు.

మన దగ్గరున్నది వేరు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందరి లావాదేవీ కావాలంటే ఆఫీసులో పాత ఇండెక్సు పుస్తకాలు వెతికించాలి. ఆ సంగతి కొనేవాడికి చెప్పేది ఎవరు? 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఉన్న పేరుకూ, ఇవాళ అమ్ముతానంటున్న మనిషికీ మధ్య లింకు తెగిందా అని చూసేది ఎవరు? పాత దస్తావేజులో ‘తూర్పు: రామయ్య చేను’ అని ఉంటే, ఆ చేను ఇప్పుడు ఎవరి పేరున ఉందో ఊళ్లో విచారించాలి. ఆడపిల్లల సంతకాలు లేని భాగపంపిణీ పత్రం చేతికొస్తే అక్కడే ఆగి అడగాలి. స్క్రీన్ మీద ఖాళీలు నింపినంత మాత్రాన ఇవేవీ తేలవు.

కాబట్టి పరిశీలనకు విడిగా ఫీజు తీసుకోండి, రసీదు ఇవ్వండి. చూసిన లింకు డాక్యుమెంట్లు, ఈసీ ఏ ఏడు నుంచి తీశారు, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందా లేదా, వారసులెవరు అన్నవి ఒక పేజీలో తేట తెలుగులో రాసి సంతకం పెట్టండి. బోర్డు కంటే ఆ పేజీయే మిమ్మల్ని నాలుగు ఊళ్లకు పరిచయం చేస్తుంది.

పరిశీలనతో పాటు జాగ్రత్తా కావాలి. ఓటీపీ పార్టీ ఫోనుకే రావాలి, మీ నంబరు ఇవ్వకండి. దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన మోసాలు తెలుగు రాష్ట్రాల్లోనే జరిగాయి. పని అయ్యాక ఆధార్, వేలిముద్రల స్కాన్లు కంప్యూటర్లోంచి తీసేయండి.

ఇక సీనియర్లు, కంప్యూటర్ కుర్రాళ్లు వేరు జట్లుగా విడిపోవడం అన్నిటికంటే చేటు. ఉర్దూలోని పాత సర్వే రికార్డు సేత్వార్ చదవగల పెద్దాయన పక్కన పోర్టల్ తెలిసిన పిల్లవాణ్ని కూర్చోబెట్టండి. ఇద్దరూ ఒకే ఫైలు చూడాలి, ఫీజు పంచుకోవాలి. వాట్సాప్ గ్రూపులో ‘సర్వర్ డౌన్’ కబుర్లతో పాటు వెనక్కొచ్చిన దస్తావేజుల సంగతులూ పెట్టండి. పార్టీల పేర్లు తీసేసి, ఎందుకు ఆగిందో, ఎలా దాటించారో రాయండి. కొత్తగా చేరినవాళ్లు ముందు ఆ సందేశాలే చదవాలి.