గ్రీష్మగీతాలు

పాఠ్యాంశ ఉద్దేశం: మన ప్రాంతంలో వేసవికాలంతో ముడివడిన పాటలను సంప్రదాయ సంగీతం, జానపదం, చలనచిత్ర గీతం అనే భేదం పాటించకుండా పరిచయం చేయడం, విద్యార్థుల దృష్టిని తమ ఇళ్ళలో వినిపించే పాటలవైపు మళ్ళించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శాస్త్రం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత ఋతువు, జ్యేష్ఠాషాఢాలు గ్రీష్మ ఋతువు. మెదకు ఎండకు ఈ లెక్క తెలియదు. ఉగాది పచ్చడి నోట ఉండగానే కోటగుట్ట బండలు కాలడం మొదలుపెడతాయి. కనుక జనం ఆరు ఋతువులను పక్కనపెట్టి ఎండకాలం, వానకాలం, చలికాలం అని మూడింటితో సరిపెట్టుకున్నారు. ఈ పాఠంలో నేనూ జనం లెక్కనే అనుసరిస్తున్నాను. ఉగాది మొదలు మృగశిర కార్తె ప్రవేశించే వరకు నా చెవిన పడిన పాటలన్నీ నాకు వేసవి పాటలే.

కాళిదాసు రచనగా ప్రసిద్ధమైన ‘ఋతుసంహారం’ వసంతంతో గాక గ్రీష్మంతో ప్రారంభమవుతుంది. కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ వ్యాఖ్య రచించిన మల్లినాథ సూరి మన జిల్లాలోని కొల్చారం వాడని విద్యార్థులలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆయన రఘువంశానికీ, కుమారసంభవానికీ, మేఘదూతానికీ వ్యాఖ్య వ్రాశాడు గాని ఋతుసంహారాన్ని ముట్టలేదు. ఆ కావ్యం కాళిదాసుది కాదేమోనని సందేహించే పండితులు ఈ విషయాన్ని ఒక ఆధారంగా చూపుతారు. నాకు మాత్రం వేరొక చిలిపి ఊహ కలుగుతుంది. కొల్చారం ఎండను అనుభవించినవాడు గ్రీష్మాన్ని మళ్ళీ శ్లోకాలలో చదవడమెందుకని ఊరుకున్నాడేమో!

ఇంత కఠినమైన కాలానికి ఇన్ని పాటలు ఎందుకు పుట్టాయి? సమాధానం వ్యవసాయంలో ఉన్నది. యాసంగి కోతలు ముగిసి, ధాన్యం ఇల్లు చేరిన తరువాత తొలకరి వరకు రైతుకు తీరిక. పగలు ఎండకు ఎవరూ కదలలేరు. రాత్రి ఇంటిలోపల పడుకోలేరు. వాకిళ్ళలో, అరుగులమీద, మిద్దెలమీద మంచాలు వేసుకొని వీధి వీధంతా ఒకే చోట నిద్రించే కాలమది. నలుగురు మేలుకొని ఉన్నచోట పాట పుట్టక మానదు.

ఈ కాలపు పాటలకు తొలి పందిరి శ్రీరామనవమి. పానకం, వడపప్పుతో పాటు భద్రాచల రామదాసు కీర్తనలు వినిపించని పందిరి తెలుగునాట అరుదు. పదిహేడవ శతాబ్దికి చెందిన కంచెర్ల గోపన్న గోలకొండ కోటలో బందీగా ఉండి రాముని నిలదీసి పాడాడని ప్రతీతి. నిందాస్తుతి చేసే ఆ చనువే ఆయన కీర్తనలను పండితుల సభలనుండి వీధి భజనలకు చేర్చింది. మా బాల్యంలో భద్రాచల కల్యాణాన్ని కన్నులతో చూసినవారు మా వీధిలో ఇద్దరో ముగ్గురో. మిగిలినవారమంతా ఆకాశవాణిలో ఉషశ్రీ వ్యాఖ్యానం ద్వారా చూసినవారమే. రేడియో ఉన్న ఇంటి అరుగుమీద కూర్చొని, తలంబ్రాల ఘట్టం రాగానే పెద్దవారు చేతులు జోడించడం నాకు నేటికీ జ్ఞాపకం. త్యాగరాజస్వామి ఆరాధన పుష్యమాసపు చలిలో జరుగుతుంది గాని, ఆయన జన్మించినది 1767వ సంవత్సరం మే 4న. అందువల్ల ఆయనను సైతం నేను ఎండకాలపు వాగ్గేయకారుల జాబితాలో చేర్చుకున్నాను!

మెదకులో పెరిగినవారికి మరొక పాట తప్పక తెలిసి ఉంటుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయాన్ని, అంటే మన చర్చిని, అందరూ క్రిస్మస్‌తోనే ముడిపెడతారు. నేను మాత్రం ఈస్టరు ఉదయాన్ని ఎక్కువగా ఇష్టపడతాను. మార్చి చివరనో ఏప్రిల్‌లోనో, తెల్లవారుజామున, ఎండ ఇంకా లేవని ఆ చల్లని ఘడియలో వందల కంఠాలు ఒకేసారి లేస్తాయి. తెలుగు క్రైస్తవ కీర్తనలు వ్రాసినవారిలో ప్రముఖుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) తన కీర్తనలకు కర్ణాటక రాగతాళాలనే గ్రహించాడు. వరుస వింటే రామదాసు కీర్తన, మాట వింటే క్రీస్తు స్తుతి. మా ఇంటి గడపలో నిలబడి ఆ రెండింటినీ ఒకే నెలలో విన్న బాలునికి వాటి మధ్య గోడ ఉన్నదని చాలాకాలం తెలియలేదు.

చైత్రం దాటి వైశాఖం రాగానే పెండ్లిండ్లు. పెండ్లి పాటలు పాడే స్త్రీలు ఎవరూ సంగీతం నేర్చినవారు కారు. మైలపోలు నాటి పాట వేరు, నలుగు పాట వేరు, ఎదురుకోళ్ళ పాట వేరు. వియ్యపురాలిని ఎగతాళి చేసే పాటలో వాడే చమత్కారం ఏ ప్రబంధకవికీ తీసిపోదు. ఎదుటి పక్షంవారు అప్పటికప్పుడు చరణం కట్టి బదులు చెప్పాలి, చెప్పలేకపోతే ఓడినట్టు. నేను ఏడెనిమిదేండ్ల వయస్సులో ఒక పెండ్లిలో మా నాయినమ్మ వరుసగా నాలుగు చరణాలు అల్లి, మగపెండ్లివారి పెద్దముత్తయిదువను నవ్వించి నోరు మూయించడం చూశాను. మరునాడు అదే నాయినమ్మ అప్పగింతల పాట ఎత్తుకోగానే అంతకుముందు నవ్వినవారంతా కొంగులు కండ్లకు అద్దుకున్నారు. పెండ్లికూతురు బండి ఎక్కే వరకు పాట ఆగరాదు. పాడేవారి గొంతు పూడుకుంటే పక్కనున్నవారు అందుకోవాలి. ఆ నియమం ఎక్కడా వ్రాసి లేదు గాని అందరూ పాటించేవారు. ఇప్పుడు ఆ స్థానంలో పెద్దపెట్టెల డీజే వచ్చింది. దానిని నిందించి ప్రయోజనం లేదు. అయితే అప్పగింతల వేళ డీజేను ఆపివేస్తారు, ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి పాట తెలిసినవారు మాత్రం ఉండరు.

పురుషుల పాట చిరుతల రామాయణం. వేసవి రాత్రులలో గురువును పిలిపించుకొని, వారాల తరబడి అభ్యసించి, కాళ్ళకు గజ్జెలు, చేతులలో చిరుతలు ధరించి వలయంగా తిరుగుతూ ఆడేవారు. పగలు నాగలి పట్టిన చేయి రాత్రి లక్ష్మణుని వేషం కట్టేది. పీర్ల పాటల సంగతి మరింత విచిత్రం. ముహర్రం చాంద్రమానాన్ని అధికమాసం లేకుండా అనుసరించడం వల్ల సుమారు 33 ఏండ్లలో అన్ని కాలాలనూ చుట్టివస్తుంది. 1996, 1997 సంవత్సరాలలో అది మే నెలలో వచ్చింది. ఆ రెండేండ్లూ అలావా చుట్టూ పాడిన తెలుగు పాటలు నాకు వేసవి పాటలైనవి. నా తమ్మునికి అవి వానకాలపు పాటలు.

ఇక చలనచిత్ర గీతాలు. ప్రబంధ సాహిత్యం బోధించేవాడు సినిమా పాటను పాఠంలో చేర్చడమేమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించారు. నేను శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లోని గ్రీష్మ వర్ణనను నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను, ఆ రాయలకాలపు మల్లెల పరిమళం మాత్రం నాకు ‘మల్లీశ్వరి’ పాటల ద్వారానే సోకింది. 1951లో విడుదలైన ఆ చిత్రానికి పాటలన్నీ దేవులపల్లి కృష్ణశాస్త్రి వ్రాయగా, సాలూరి రాజేశ్వరరావు స్వరపరచారు. మల్లె మన నేలమీద వేసవిలోనే విరగబూస్తుంది. అంగట్లో మూరలకొద్దీ మల్లెలు కనిపించిన సాయంకాలం నాకు భానుమతి గొంతు వినిపించక మానదు.

‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైనది. మా వంటి చిన్న పట్టణానికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. నాకప్పుడు పదకొండేండ్లు. మా బాపు పాటల పిచ్చివాడు. నన్ను వెంటబెట్టుకొని ఆ చిత్రాన్ని నాలుగుసార్లు చూశాడు. తాటిముంజలమ్మి పూట గడుపుకొనే మనిషి ఒకడు మా పక్కన కూర్చొని, రాగం పేరు తెలియకుండానే తల ఊపుతూ కన్నీరు పెట్టుకున్నాడు. వేటూరి సాహిత్యానికీ, మహదేవన్ సంగీతానికీ ఇతర పురస్కారాలు తరువాత లభించాయి. ఉత్తమ సంగీత దర్శకునిగా మహదేవన్‌కూ, గాయనీగాయకులుగా వాణీ జయరాంకూ, బాలసుబ్రహ్మణ్యానికీ జాతీయ బహుమతులు వచ్చాయి. నాకు మాత్రం ఆ ముంజలమ్మే మనిషి తల ఊపడమే మొదటి బహుమతిగా కనిపించింది. రామనవమి పందిట్లో విన్న రామదాసు కీర్తన ఆ చిత్రంలో మళ్ళీ వినిపించినపుడు బాపు నా భుజం తట్టి, “ఇది మనదే రా” అన్నాడు.

గ్రీష్మాంతంలో పాట స్వభావం మారుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. అప్పటికి పాట వినోదం కాదు, విన్నపం. ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయాపురం దారిలో ఎండిన పొలాలను చూసి చలించి, అమృతవర్షిణి రాగంలో కీర్తన పాడగా వాన కురిసిందని సంగీత లోకంలో ఒక కథ ఉన్నది. తెలుగు పల్లెలలో వాన రాకపోతే విరాటపర్వం చదివించేవారు. తిక్కన పద్యాలు గుడి మండపంలో వినిపిస్తుంటే జనం మాటిమాటికీ ఆకాశంవైపు చూసేవారు. ఈ రెండూ చదువుకున్నవారి మార్గాలు. చదువురాని స్త్రీలకు, పిల్లలకు కప్పతల్లి ఉన్నది. రోకలికి వేపకొమ్మలతో పాటు కప్పను కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ, ఇంటింటి ముందు నిలిచి పాడతారు. ఇంటివారు బిందెడు నీళ్ళు తెచ్చి కప్పమీద పోసి, చాటలో గింజలు పెడతారు.

1987లో దేశవ్యాప్తంగా నైరుతి ఋతుపవనాలు విఫలమైనవి. మంజీర ఇసుకతేలి, ఘనపురం ఆనకట్ట కాలువలు ఎండి, మా వీధి చేదబావి అడుగు కనిపించింది. మృగశిర దాటిపోయింది, చినుకు లేదు. ఒకనాటి సాయంకాలం కప్పతల్లిని ఎత్తుకొని ముందు నడిచినది మా నాయినమ్మ. నేను అప్పుడు మీవలెనే ఇంటర్మీడియట్ విద్యార్థిని. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడిని, మా అధ్యాపకుల ఇళ్ళు కూడా ఆ వీధిలోనే ఉన్నాయి. ఆ గుంపు మా వాకిటి ముందుకు వచ్చినపుడు నేను లోపలి గదిలో పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నాను. “ఒరే, నీళ్ళు తేరా” అని నాయినమ్మ రెండుసార్లు పిలిచింది. నేను లేవలేదు. అమ్మ వెళ్ళి పోసింది. గోడ అవతలినుండి పాట మొత్తం వినిపించింది. వినకుండా ఉండడానికి బిగ్గరగా చదివాను.

తరువాత ప్రబంధాలలో ఋతువర్ణనపై పరిశోధనకు పూనుకున్నాను. సెలవులలో ఇంటికి వచ్చినపుడు ఒకసారి కాగితం తీసుకొని నాయినమ్మను ఆ పాట చెప్పమన్నాను. ఆమె నవ్వి, “వాన పాటను వాన లేనప్పుడు పాడాలె బిడ్డా, గిప్పుడు పాడుతరా? కాయిదం మీద రాస్తే కప్పకు నీళ్ళు వడ్తయా?” అన్నది. నేను మరల అడగలేదు. 1996లో ఆమె మరణించింది. రెండేండ్ల తరువాత మౌఖిక పరీక్షలో ఒక ఆచార్యులు, “మీ ప్రబంధ కవుల గ్రీష్మం బాగున్నది. మీ ఊరి గ్రీష్మాన్ని ఎవరు పాడారు?” అని ప్రశ్నించారు. అది ప్రశ్నో చమత్కారమో నాకు తెలియలేదు, సమాధానం మాత్రం నా వద్ద లేదు. 1950లలోనే బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధించి దారి చూపి ఉన్నారు. ఆ గ్రంథం నా బల్లమీదనే ఉండేది. ఇంటికి వచ్చి అమ్మను అడిగితే పల్లవి, రెండు చరణాలు జ్ఞాపకమున్నవి. ఏడో ఎనిమిదో ఉండేవని అన్నది.

అప్పటినుండి ప్రతి వేసవి సెలవులకు ముందు నా విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను: ఇంటిలోని పెద్దవారి పాటను ఒకదానిని తెండి. పూర్వం నోటు పుస్తకంలో తెచ్చేవారు, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో తెస్తున్నారు. కుక్కరు ఈలలు, కోడి కూతలు, మధ్యలో “ఇగ సాలు తీయ్” అనే విసుగు, అన్నీ అందులో ఉంటాయి. నిరుడు మంజీర ఒడ్డు గ్రామానికి చెందిన ఒక విద్యార్థిని తన అమ్మమ్మ పాడిన కప్పతల్లి పాటను తెచ్చింది. వరుస మా నాయినమ్మ వరుస కాదు. అయినా అమ్మ చెప్పిన రెండు చరణాలలో ఒకటి అందులో ఉన్నది, దానికి ముందు వెనుకలుగా మరి మూడు ఉన్నాయి. మూడవ చరణంలో ఒక మాట మాకు అర్థం కాలేదు. ఆ అమ్మమ్మను ఫోనులో అడిగితే, “మా అవ్వ గట్లనే పాడేది” అన్నది. సూర్యరాయాంధ్ర నిఘంటువు వెదికాను, లేదు. రానున్న మృగశిరకు వారి గ్రామం వెళ్ళి, ఆమె ఈడువారిని కూర్చోబెట్టి అడగాలని ఆ అమ్మాయీ నేనూ అనుకున్నాము.

అభ్యాసం

1. వేసవికాలంలో పాటలు విరివిగా పుట్టడానికి రచయిత చూపిన కారణాలను వివరించండి.
2. పెండ్లి పాటలలోని చమత్కారాన్ని, కరుణను పాఠం ఆధారంగా వ్రాయండి.
3. “కాయిదం మీద రాస్తే కప్పకు నీళ్ళు వడ్తయా?” – ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?
4. మీ ఇంటిలో లేదా వీధిలో పెద్దవారు పాడే ఒక ఎండకాలపు పాటను సేకరించి, పాడినవారి ఊరు, వయస్సు, పాడే సందర్భం తెలుపుతూ వ్రాయండి. అర్థం కాని మాటలను మార్చక యథాతథంగా ఉంచండి.